ట్యూబు ఇచ్చే ముందు ఆ ముక్కాలిపీట మీద కూర్చోబెట్టండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మందులంగళ్లు నడిపే అన్నలకు, తమ్ముళ్లకు, కౌంటర్లో నిలబడే అక్కచెల్లెళ్లకు,

నమస్కారం. నేనూ మీలో ఒకణ్ణే. కౌంటర్ వెనక నిలబడబట్టి 23 ఏళ్లయింది. మొదట తిరుపతిలో వేరేవాళ్ల షాపులో పనిచేశాను, తర్వాత చిత్తూరులో సొంతంగా పెట్టుకున్నాను. నా పేరు, షాపు పేరు రాయడం లేదు. సిగ్గుతోనే రాయడం లేదనుకోండి, నేనేమీ అనుకోను. ఈ లేఖలో కనబడే తప్పుల్లో సగం నావే.

మన అందరికీ రోజుకు పదిసార్లు వినబడే మాట ఒకటుంది. "సామీ, నవకు ఏదన్నా ఇయ్యి." ఆ మాట చెవిన పడగానే మన చెయ్యి దానంతటదే వెనక షెల్ఫు మీదికి పోతుంది. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబు అక్కడే, చేతికందే ఎత్తులో ఉంటుంది. నవ గజ్జిదా, తామరదా, లోపలి రోగానిదా అని మనం అడగం. ఆ ట్యూబు ఏదైనా సరే రెండు రోజుల్లో నవ తగ్గిస్తుంది. తగ్గించింది కాబట్టి ఆ మనిషి మళ్లీ మన షాపుకే వస్తాడు. మార్జిన్ సంగతి మనలో మనకు తెలిసిందే, ఇక్కడ రాయక్కర్లేదు.

అదే ట్యూబు నేను మా అక్కకు ఇచ్చాను. ఒకటి కాదు, నాలుగు.

మా అక్కది బంగారుపాళ్యం దగ్గర ఊరు. 46 ఏళ్లు. మామిడి సీజన్లో మండీకి పోయి కాయలు ఏరి గ్రేడింగు చేస్తుంది. మనం బెంగళూరా అనే తోతాపురి కాయ దిగడం మొదలైతే రెండు నెలలు ఎండలోనే పని. పోయినేడాది ఉగాది అయిన వారానికి ఫోన్ చేసింది. "రేయ్, తల ఒకటే నవరా. గీరి గీరి గోళ్లలో నెత్తురొస్తా ఉండాది" అంది. చుండ్రు అనుకున్నా. కీటోకొనజోల్ షాంపూ ఒకటి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపించా. పొట్టు రాలుతోందా, తల ఎర్రగా ఉందా, ఒక్క ముక్క అడగలేదు.

జూన్ మొదట్లో షాపుకే వచ్చింది. కంటి రెప్పలు ఉబ్బి ఉన్నాయి. పై రెప్పల మీద కమిలినట్టు నలుపు, దెబ్బ తగిలి రెండు రోజులైతే ఉండేలాంటి రంగు. మెడ కింద, జాకెట్టు గొంతు ఎంత మేర తెరిచి ఉందో సరిగ్గా అంత మేర చర్మం గరుకుగా, నల్లగా మారింది. కౌంటర్ దగ్గర నిలబడ్డ పెద్దాయనొకరు చూసి "మామిడి సొన పడింటుందిలేమ్మా" అన్నాడు. నేనూ తలూపాను.

ఆ మాటలో తప్పేమీ లేదు. తొడిమ విరిచినప్పుడు చిమ్మే సొన చాలామంది ఒంటికి పడదు. మామిడి, జీడి ఒకే కుటుంబం చెట్లు. జీడిగింజ పైతొక్కులో ఉండే మంటపుట్టించే గుణమే మామిడి సొనలోనూ ఉంటుంది. ప్రతి సీజన్లో మనం చూస్తూనే ఉంటాం, బొబ్బలు, మంట, వారం పది రోజుల బాధ. నేను ఆలోచించాల్సింది ఇంకొకటి. సొన చేతుల మీద పడుతుంది, ముఖం మీద చిమ్ముతుంది. నెత్తిలోకి ఎట్లా పోయింది? పైగా నెత్తిలో నవ మొదలైంది ఉగాదికి. అప్పటికి చెట్టు మీద ఉన్నది పిందె. ఈ లెక్క వేయడానికి ఎంబీబీఎస్ చదవక్కర్లేదు. చిత్తూరులో పుట్టి ఉంటే చాలు.

ఆ మూడూ కలిపిన ట్యూబు తీసి ఇచ్చాను. "మొఖానికి రాయొచ్చునా?" అని అడిగింది. "పల్చగా రాయి" అన్నాను. అందులో ఉన్నది క్లోబెటసాల్. పైపూత స్టెరాయిడ్లన్నిటిలోకీ ఘాటైన కోవకు చెందింది. రెండు వారాలకు మించి వాడకూడదని, ముఖానికి పనికిరాదని ట్యూబుతో వచ్చే కాగితంలోనే ఉంటుంది. ఆ కాగితాన్ని మనలో ఎంతమంది విప్పి చదివామో చేతులెత్తండి చూద్దాం.

పది రోజులు బాగుంది. మళ్లీ మొదలైంది. ఇంకో ట్యూబు. మళ్లీ. నాలుగో ట్యూబు అయ్యేసరికి విసుగొచ్చి వాళ్ల ఊరి పక్కన ఆర్ఎంపీ దగ్గరికి పోయింది. ఆయన రెండు సూదులు వేశాడు. ఏం సూదులని అడిగితే "అలర్జీవి" అన్నాడట. వారం రోజులు హాయిగా నిద్రపోయింది. "నీ ట్యూబుల కంటే ఆయన సూదే మేలురా" అని నన్ను ఎగతాళి చేసింది కూడా. తర్వాత షుగర్ చూస్తే 280. అంతకుముందు అక్కకు షుగర్ లేదు.

ఇక్కడే అందరం మోసపోయింది. స్టెరాయిడ్ పడితే నవ తగ్గుతోంది, కాబట్టి ఇది అలర్జీయే అని ముందే తేల్చేసుకున్నాం. స్టెరాయిడ్‌కు లోపలి రోగాలు కూడా కొంత అణిగి ఉంటాయన్న సంగతి తోచలేదు. పొగ ఊదేసి నిప్పు ఆరిందనుకున్నాం.

జులైలో వాళ్ల ఇంటికి పోయాను. మా మేనకోడలు వాళ్లమ్మకు తల దువ్వుతోంది. "ఏం మే, రాణీగారివి అయిపోయినావే" అని నవ్వాను. "చేతులు పైకెత్తి పెట్టుకుంటే నిలవడం లేదు రా" అంది అక్క. దండెం మీద చీర ఆరేయడం కూడా పాపే చేస్తోందని బావ చెప్పాడు. పై అరలో ఉన్న ఉప్పు డబ్బా తీసుకోవడానికి కూడా పిల్లనే పిలుస్తోందట. వయసొచ్చింది, మండీ పని ఎక్కువైంది, రక్తం తక్కువగా ఉంది, ఇట్లా ఒక్కొక్కరం ఒక్కో కారణం చెప్పుకున్నాం. ఒకసారి పుత్తూరు పోయి కట్టు కట్టించుకుందామా అన్న ఊసు కూడా వచ్చింది. నవకు ఒకరి దగ్గరికి, నొప్పులకు ఇంకొకరి దగ్గరికి. ఈ రెండూ ఒకటే మనిషివని, ఒకటే రోగానివై ఉండొచ్చని ఎవరికీ తట్టలేదు. ఇరవై మూడేళ్లుగా మందుల మధ్య బతుకుతున్న నాకు అసలే తట్టలేదు.

నవ తగ్గితే తలనీలాలు ఇస్తానని అక్క మొక్కుకుంది. తగ్గకపోయినా మొక్కు మొక్కే అని పెరటాసి నెల మొదటి శనివారం బయల్దేరాం. అలిపిరి నుంచి 3,550 మెట్లు. అక్క పెళ్లయినప్పటి నుంచి ఏటా నడిచే ఎక్కేది, కడుపుతో ఉన్న ఏడు తప్ప. తలయేరుగుండు దగ్గర ఆగి అందరిలాగే రాతికి నుదురు ఆనించింది, మోకాళ్లు ఆనించింది. ఆ తర్వాత అరవయ్యో డెబ్భయ్యో మెట్లు ఎక్కిందేమో. కాలు ఎత్తి పై మెట్టు మీద పెట్టగలుగుతోంది. ఒంటిని పైకి లేపలేకపోతోంది. పక్కన కమ్మీ పట్టుకుని లాక్కుంటోంది. ఆయాసం లేదు. నొప్పి కూడా పెద్దగా లేదంది. "కాళ్లల్లో సత్తువ ఎవరో పెరికేసినట్టుండాది రా" అని అక్కడే మెట్టు మీద కూలబడింది. కూర్చున్న మనిషి లేవలేదు. నేను, బావ చెరో రెక్క పట్టుకుని లేపాం. కిందికి దిగి బస్సెక్కి కొండకు పోయాం.

కల్యాణకట్టలో గుండు చేసే ఆయన తలకు నీళ్లు పెట్టి, వేళ్లతో జుట్టు పక్కకు తీసి, ఆగిపోయాడు. "ఎన్నాళ్లనుంచి ఉందమ్మా ఇట్లా?" అన్నాడు. "చుండ్రు సామీ" అంది అక్క. "దినానికి ఎన్ని తలలు చూస్తామమ్మా మేము. చుండ్రు ఇట్లా ఉండదు. పెద్ద డాక్టరుకు చూపించుకో" అన్నాడు. బ్లేడు కొత్తది వేసుకుని, చాలా నెమ్మదిగా తీశాడు. జుట్టు పోయినాక చూశాను. నడినెత్తి నుంచి మెడ దాకా ఊదారంగు మరకలు. అక్క తలను శ్రద్ధగా చూసిన మొదటి మనిషి ఆయనే. షాంపూ పంపిన నేను ఒక్కసారి కూడా పాపిడి తీసి చూడలేదు.

కొండ దిగినాక రక్తపరీక్ష చేయించాం. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ రెండూ ఎక్కువొచ్చాయి. లివర్ అన్నారు. నవ ఉంది, లివర్ ఎంజైములు ఎక్కువున్నాయి, ఇంకేముంది కామెర్లే అని బంధువులు పసరు మందుకు తీసుకుపోయారు. ఉప్పూకారం లేని పత్యం మూడు వారాలు. మనిషి ఇంకా నీరసించింది. కామెర్లుంటే పెరిగే బిలిరుబిన్ మామూలుగానే ఉందన్న సంగతి రిపోర్టులోనే ఉంది, నేనే సరిగా చూడలేదు. ఆ రెండు ఎంజైములూ కండరాల్లో కూడా ఉంటాయని, కండరం దెబ్బతిన్నా రక్తంలోకి వస్తాయని తర్వాత తెలిసింది. తెలుసుకోవడానికి ఇంకొక్క పరీక్ష చాలు. సీపీకే. ఆ మాట అప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు.

చివరికి ఒక పెద్దాస్పత్రి చర్మం ఓపీకి తీసుకుపోయాను. క్యూలో మూడు గంటలు. లోపల చూసింది పీజీ చదివే అమ్మాయి, పాతికేళ్లు ఉంటాయేమో. ముఖం చూసింది, తల చూసింది, తర్వాత అక్క రెండు చేతులూ పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. వెలుతురులో వేళ్లు చాపించింది. అప్పుడు చూశాను నేను. ప్రతి వేలి కణుపు మీద చదునుగా చిన్న చిన్న గడ్డలు, కణుపుకు కణుపుకు మధ్య చర్మం శుభ్రంగా ఉంది. "లూపస్ అనే ఇంకో రోగమైతే దీనికి తారుమారుగా ఉంటుంది సార్. కణుపులు వదిలేసి మధ్యలో వస్తుంది" అని నాకు చూపించింది. గోళ్ల మొదట్లో చర్మం చిరిగినట్టు ఉంది. దాని మీద చిన్న లైటున్న భూతద్దం పెట్టి నన్నూ చూడమంది. ఎర్రదారం ముక్కలు చిక్కుపడినట్టు రక్తనాళాలు ఉబ్బి కనబడ్డాయి.

తర్వాత మామూలుగా, టీ తాగుతారా అన్నంత మామూలుగా అడిగింది. "అమ్మా, కింద కూర్చుని, చేతులు ఆనించకుండా లేవండి చూద్దాం."

అక్క కూర్చుంది. లేవలేదు. తల ఎత్తి నా వైపు చూసింది.

సీపీకే 6,000 దాటింది. మామూలుగా 200 లోపు ఉండాలి. చర్మం ముక్క, కండరం ముక్క తీసి పరీక్షకు పంపారు. పేరు డెర్మటోమయోసైటిస్. ఒంట్లోని రక్షణ వ్యవస్థ దారి తప్పి సొంత చర్మం మీద, కండరాల మీద పడుతుంది. కొత్త రోగమేమీ కాదు, 1891లో ఉన్‌వెరిక్ట్ అనే జర్మన్ డాక్టరు ఆ పేరు పెట్టాడు. అరుదైనదే. మనలో చాలామంది కౌంటర్లో జీవితాంతం నిలబడినా ఒకటీ రెండూ చూస్తారేమో. కానీ దానికి నవ ఎక్కువని, ముఖ్యంగా తలలో నవ ఎక్కువని, దాన్ని చుండ్రనో సోరియాసిస్ అనో పొరబడటం ప్రపంచమంతా మామూలేనని ఆ అమ్మాయి చెప్పింది. ఎండకు ఎక్కువవుతుంది. మా అక్క ఎండలో మామిడికాయలు ఏరుతోంది.

ఇంకో మాట కూడా చెప్పింది, అది మనందరం గుర్తుపెట్టుకోవాలి. పుస్తకాల్లో ఫొటోలన్నీ తెల్లవాళ్ల ఒంటి మీదివి. వాళ్లకు ఎర్రగా, గులాబీ రంగులో వచ్చేది మన చామనఛాయ మీద నల్లగా, బూడిదగా, కమిలినట్టుగా కనబడుతుంది. ఎరుపు కోసం వెతికితే దొరకదు.

రోగనిర్ధారణ అయిందని ఊపిరి పీల్చుకునే లోపల ఇంకో సంగతి చెప్పారు. పెద్ద వయసులో ఈ రోగం వచ్చినవాళ్లలో కొందరికి లోపల ఎక్కడో క్యాన్సర్ ఉంటుంది. ఒక్కోసారి చర్మమే దాన్ని ముందుగా బయటపెడుతుంది. అందుకే వెతకాలి. రాయవేలూరు (వెల్లూరు) తీసుకుపోయాం. సీటీ స్కాన్, రొమ్ము పరీక్ష, గర్భసంచి స్కాన్. రిపోర్టుల కోసం కాచుకున్న ఆ నాలుగు రోజులు ఎంత టెన్షన్ పడ్డామో రాయలేను. అక్కకు ఏం వెతుకుతున్నారో చెప్పలేదు. ఆమెకు తెలుసు. తెలిసినట్టు మాకు చెప్పలేదు. ఏమీ కనబడలేదు. మొదటి మూడేళ్లు జాగ్రత్తగా చూస్తూ ఉండాలన్నారు.

ఇప్పుడు మీకొక ప్రశ్న వచ్చి ఉంటుంది. దీనికి మందేమిటి? ప్రెడ్నిసొలోన్. స్టెరాయిడే. "మరి నువ్వు ఇచ్చిందీ అదే గదా" అని బావ అడిగాడు. బాధపెట్టాలని కాదు, నిజంగానే అర్థంకాక. నేను ఇచ్చింది చర్మం పైన, ఆర్ఎంపీ వేసింది రెండు సూదులు, ఏ మందో, ఎంతో ఎవరికీ తెలియదు. రెండూ కలిసి రోగాన్ని మేకపోతు గాంభీర్యంతో పైపైన బెదిరించాయి, ఈలోపల అది కండరాలను తినుకుంటూ పోయింది. ఇప్పుడు బరువును బట్టి లెక్కగట్టి రోజూ ఇస్తున్నారు, షుగర్ చూస్తూ, ఎముకలకు కాల్షియం ఇస్తూ, నెలలు పట్టి తగ్గిస్తూ. తోడుగా మెథోట్రెక్సేట్.

మెథోట్రెక్సేట్ పేరు వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం. చీటీ మీద వారానికి ఒక్కసారి అని ఉంది. నేను ఊర్లో లేని రోజు బావ వేరే షాపులో కొన్నాడు. ఆ షాపతను కవరు మీద అలవాటుగా "రోజూ పొద్దున 1" అని గీకేశాడు. పదో తరగతి చదివే మా మేనకోడలు మూడో రోజు చీటీతో పోల్చి చూసి ఆపింది. అది రోజూ మింగితే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి, మనిషి పోవచ్చు. మనకది ఒక గీత. వారంలో ఏ రోజు మింగాలో, సోమవారమో ఆదివారమో, ఆ రోజు పేరు కవరు మీద పెద్దక్షరాలతో రాయండి. ఈ లేఖలో ఇంకేదీ మీకు నచ్చకపోయినా ఈ పని చేయండి, కాళ్లు పట్టుకుంటా.

"మనం డాక్టర్లమా ఇవన్నీ చూడ్డానికి" అంటారు మీరు. కాము. అందుకే గదా ఇవ్వకూడదు. 2018లో కేంద్రం 14 రకాల పైపూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని. అంతకుముందు పైపూతలకు మినహాయింపు ఉండేది. ఆ మినహాయింపు పోయి ఏళ్లయినా మన షెల్ఫులు మాత్రం 2017లోనే ఉండిపోయాయి. "నేను ఇవ్వకపోతే పక్క షాపులో ఇస్తాడు" అనే మాట కూడా నిజమే. ఆ మాట నేనే వెయ్యిసార్లు అన్నాను. అందుకే ఎవరో ఒక్కరికి కాకుండా మీ అందరికీ కలిపి రాస్తున్నా.

రోగం పేరు కనిపెట్టమని అడగడం లేదు. ఎవరిని ట్యూబుతో పంపకూడదో తెలుసుకోమంటున్నా. ఆరు వారాలు దాటిన నవను డాక్టర్లు వేరే లెక్కలో వేస్తారు. కాబట్టి ఎన్నాళ్లనుంచి అన్నది మొదటి ప్రశ్న. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, రాత్రిపూట ఎక్కువా, వేళ్ల సందుల్లో ఉందా అంటే చాలావరకు గజ్జి. అందరూ ఒకేసారి మందు రాసుకోవాలి. ఇది మనకు తెలిసిందే.

తెలియనిది ఇంకొకటి. రెండేళ్ల కిందట ఒక పెద్దాయన వచ్చేవాడు, ఒళ్లంతా నవ అని. చొక్కా విప్పి చూపించాడు. చేతుల మీద, భుజాల మీద, నడుం మీద గీతలు, పుండ్లు. వీపు మధ్యలో మాత్రం, చెయ్యి అందని చోట, సీతాకోకచిలుక ఆకారంలో చర్మం నున్నగా ఉంది. నాకు వింతగా అనిపించి ఊరుకున్నా. సెట్రిజిన్ ఇచ్చి పంపాను. ఇప్పుడు తెలిసింది, దాన్ని డాక్టర్లు గుర్తుగా చూస్తారని. మచ్చలన్నీ గీరడం వల్ల వచ్చినవి, నవ మాత్రం లోపల్నుంచి వస్తోందని దాని అర్థం. కిడ్నీ కావచ్చు, లివర్ కావచ్చు, థైరాయిడ్, ఐరన్ తక్కువవడం, రక్తంలో ఏదైనా కావచ్చు. వేడినీళ్లు పోసుకున్నాక ఒళ్లంతా నవ పుట్టే రక్తరోగం ఒకటుంది. మెడలో గడ్డలు, రాత్రి చెమటలు, బరువు తగ్గడంతో పాటు వచ్చే నవ ఇంకొకటి. ఆ పెద్దాయన ఇప్పుడు డయాలిసిస్‌కు పోతున్నాడు. అప్పుడే క్రియాటినిన్ చూపించుకో తాతా అని ఉంటే ఏమైనా మారేదేమో, మారేది కాదేమో. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు.

కడుపుతో ఉన్న అమ్మాయి ఎనిమిదో నెలలో వచ్చి అరచేతులు, అరికాళ్లు నవ అంటే, చర్మం మీద ఏమీ కనబడకపోతే, అస్సలు ఏ ట్యూబూ ఇవ్వకండి. "బిడ్డకు జుట్టు వస్తా ఉంది, అందుకే నవ" అని పెద్దవాళ్లు చెబుతారు. నవ్వి ఊరుకోకండి. ఆ రోజే కాన్పు డాక్టరు దగ్గరికి పంపండి. పైత్యరసం రక్తంలో చేరితే అట్లా వస్తుంది, కడుపులో బిడ్డకు ప్రమాదం. రక్తపరీక్షతో తేలిపోతుంది.

ఇక మా అక్కలాంటి వాళ్ల విషయం. రెప్పల మీద, వేలి కణుపుల మీద, జాకెట్టు గొంతు మేర మచ్చలుంటే రెండు మాటలు అడగండి. తల మీరే దువ్వుకుంటున్నారా? మెట్లు ఎక్కుతున్నారా? కుదిరితే ఒకసారి కూర్చోబెట్టి లేవమనండి. లేచారు గదా అని నిశ్చింత పడకండి. ఈ రోగంలో అయిదుగురిలో ఒకరికి కండరాలు బాగానే ఉంటాయి, చర్మం ఒక్కటే చెబుతుంది. అటువంటి వాళ్లలో కొందరికి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పొడిదగ్గు, ఆయాసం ఉందా అని కూడా అడగండి. మింగుడు పడటం లేదు, నీళ్లు ముక్కులోకి వస్తున్నాయి అంటే ఇంక ఆలస్యం చేయకూడదు.

ఆర్ఎంపీ అన్నలకు ఒక చిన్న మనవి. మీరు లేకపోతే రాత్రి పదింటికి మా ఊర్లకు దిక్కులేదు, అది ఒప్పుకుంటా. వేసిన సూది పేరు ఒక తుండు కాగితం మీద రాసివ్వండి, చాలు. "అలర్జీ సూది" అంటే పై డాక్టరుకు ఏమీ అర్థం కాదు. సూదుల్లో ఎంత స్టెరాయిడ్ పడిందో తెలియక అక్క విషయంలో వాళ్లు వారం రోజులు తల పట్టుకున్నారు.

అక్క ఇప్పుడు బస్సెక్కుతోంది, కమ్మీ పట్టుకుని. జుట్టు రెండంగుళాలు వచ్చింది, తనే దువ్వుకుంటోంది. దువ్వడానికి పెద్దగా ఏముందిలే అంటుంది. ముఖం ఉబ్బింది, మందు వల్ల. ఎండలోకి పోతే గొడుగు, మండీ పని మానేసింది. ఆ కూలి డబ్బు పోయింది. ఏప్రిల్లో నన్ను చూసి "నువ్విచ్చిన ట్యూబు ఇంకోటి ఇంట్లోనే ఉండాది రా, వాపసు తీసుకుంటావా" అంది. నవ్వుతూనే అంది. తీసుకున్నా. కౌంటర్ డ్రాయర్లో పెట్టుకున్నా, అమ్మడానికి కాదు.

ఆ షెల్ఫు మార్చేశాను. ఆ మూడు కలిపిన ట్యూబులు ఇప్పుడు లోపలి గదిలో, చీటీ ఉన్నవాళ్లకే. అమ్మకం పడిపోయింది, దాచిపెట్టడం దేనికి. ఇంటినుంచి మా అమ్మ పప్పు రుబ్బుకునేటప్పుడు కూర్చునే పొట్టి ముక్కాలిపీట ఒకటి తెచ్చి కౌంటర్ ముందు వేశాను. నెలలు తరబడి నవ అని వచ్చినవాళ్లను అక్కడ కూర్చోబెట్టి, చేతులు చూసి, లేవమంటున్నా.

మొన్న గుడిపాల నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. కూర్చోమంటే కూర్చున్నాడు, లేవమంటే చెంగున లేచాడు. "నడుం చుట్టూ గుండ్రంగా ఉండాది సామీ, తామరే, దానికి కూర్చునేదెందుకు లేచేదెందుకు" అని విసుక్కున్నాడు. చూశాను. తామరే. స్టెరాయిడ్ లేని క్లోట్రిమజోల్ ఇచ్చి, రెండు వారాల్లో తగ్గకపోతే చర్మం డాక్టరు దగ్గరికి పొమ్మని చెప్పి, బిల్లు రాశాను.

ఇట్లు,
మీలో ఒకడు,
చిత్తూరు